గోడమీద ఉలులు, కేజీ లెక్కన లేతు

పోయిన నెల ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. హైదరాబాదులో కోకాపేట వైపు, పద్దెనిమిదో అంతస్తు. వ్రతం అయింది, బఫే అయింది, ఇంక ఇల్లు చూపించే కార్యక్రమం మొదలైంది. మాడ్యులర్ కిచెనూ ఫాల్స్ సీలింగూ అన్నీ అయ్యాక హాల్లోకి తీసుకొచ్చి "ఇది చూడు, ఇదే హైలైటు" అన్నాడు మావాడు. నల్ల వెల్వెట్టు గుడ్డ మీద వరసగా ఏడు ఉలులు. ముందు అద్దం, పైనుంచి చిన్న ఫోకస్ లైటు, కింద ఇత్తడి రేకు మీద వాళ్ళ తాతగారి పేరు. వచ్చినవాళ్ళందరూ సెల్‌ఫోన్లు తీసి ఫొటోలు కొట్టుకుంటున్నారు. "సో ఆథెంటిక్" అని ఒకావిడ మురిసిపోయింది.

నాకు మాత్రం కడుపు మండింది. ఎందుకంటే ఆ ఉలులు ఏ లేతువో ఆ లేతు మా ఇంట్లో ఉంది. భావనపాడులో, మా నాన్న ఒకప్పుడు వలలు పెట్టుకునే పాకలో. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు దాన్ని వాళ్ళ మామ్మ దగ్గర కొన్నది నేనే.

మావాడి పేరు రాయను. చదివితే అతనికే తెలుస్తుంది. అతను చెడ్డవాడు కాదు, మనలాంటివాడే. అసలు గొడవంతా అక్కడే ఉంది.

ముందు లేతు సంగతి చెప్పాలి. మనలో చాలామందికి లేతంటే ఇంజనీరింగు కాలేజీ వర్క్‌షాపులో చూసిన ఆకుపచ్చ రంగు ఇనప మిషనే. మైల్డు స్టీలు ముక్క ఇచ్చి "జాబ్ చెయ్యండి" అనేవారు. ఫేసింగు, స్టెప్ టర్నింగు, టేపర్ టర్నింగు, నర్లింగు, తరవాత రికార్డు రాసుకోవడం. నాది మెకానికల్, కాబట్టి నాకు కాస్త ఎక్కువ జాబులే పడ్డాయి. ఆ తరవాత అసలు జాబు మాత్రం జావాలో వచ్చింది, అది వేరే కథ. చెక్క లేతు దానికంటే చాలా పాతది, చాలా సులువైనది. కర్రని రెండు మొనల మధ్య బిగించి తిప్పుతారు, ఎదురుగా ఒక ఆనిక ఉంటుంది, ఆనిక మీద ఉలి పెట్టి చేత్తో చెక్కుతారు. ఇనప లేతులోలాగా ఉలిని మిషను పట్టుకోదు, మనిషే పట్టుకోవాలి. దీనికి తెలుగులో తరిమెన అని చక్కటి మాట ఉంది. తరిమెన పట్టడం అంటే ఈ పనే. మంచం కోళ్ళు, ఉయ్యాల కడ్డీలు, కవ్వాలు, అప్పడాల కర్రలు, బొంగరాలు, అన్నీ దీనిమీద పుట్టినవే.

నేను కొన్నది టెక్కలిలో ఓ పెద్దాయన నలభై ఏళ్ళ పైన వాడినది. బెడ్డు రెండు పొడుగు టేకు దూలాలు. వాటిమీద పోత ఇనప హెడ్‌స్టాకు, ఆ చివర టెయిల్‌స్టాకు. మధ్యలో నాలుగడుగుల కర్ర పడుతుంది. కంపెనీ పేరూ లేదు, నంబరూ లేదు. మూడు మెట్ల పుల్లీ, లోపల గన్‌మెటల్ బుష్‌ల మీద తిరిగే స్పిండిలు. పెద్దాయన పోయాక కొట్టు మూసేశారు. నేను వెళ్ళేసరికి లేతు చుట్టూ కొబ్బరి మట్టలు పేర్చేసి ఉన్నాయి.

మామ్మ అన్న మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "ఆ ముసిలోడు బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎవుర్నీ ముట్టుకోనిచ్చేవోడు కాదు బావూ. ఇప్పుడు తుక్కోడు వచ్చి కేజీ ముప్పై రూపాయలంటన్నాడు." ఉలులేవి మామ్మా అనడిగితే, "మనవడు వచ్చి అన్నీ అట్టుకెళ్ళిపోనాడు. గోడకెడతాడంట. ఉలి గోడకెట్టడమేటో నాకు తెల్దు."

తుక్కు లెక్కలో చూస్తే దాంట్లో ఇనుము డెబ్భై కేజీలుంటుంది. అంటే రెండు వేల వంద రూపాయలు. టేకు దూలాలకి ఇంకో మూడు నాలుగు వేలు. నేను పదిహేను వేలు ఇచ్చాను. నా మంచితనం చాటుకోడానికి చెప్పట్లేదు ఇది. ఆ సైజు కొత్త చెక్క లేతు కొనాలంటే దానికి ఎన్నో రెట్లు అవుతుంది, కాబట్టి నిజానికి లాభపడింది నేనే. మిషన్ని మిషను ధరకి కొనాలి, అంతే. పాత లేతు దొరికిందని సంబరపడే మనవాళ్ళు చాలామంది తుక్కువాడు చెప్పిన రేటు మీద వంద రూపాయలు ఎక్కువిచ్చి ఉద్ధరించామనుకుంటారు. ఆ ఇంటివాళ్ళకి దాని విలువ తెలీదు కదా అని. వాళ్ళకి తెలీకపోవడమేంటండీ, నలభై ఏళ్ళు దానిమీద అన్నం తిన్నవాళ్ళకి! కొనేవాడు దొరక్క తుక్కువాణ్ణి పిలిచారు గానీ.

ఇంక దాన్ని ఇంటికి తేవడం. టెక్కలి నుంచి నౌపడా మీదుగా భావనపాడు ఎంతో దూరం కాదు. ట్రాలీ ఆటో మాట్లాడాను. మెకానికల్ డిగ్రీ ఉంది కదా అని ధీమా. మొత్తం విప్పకుండా ఒక్కటిగానే ఎక్కించేద్దాం అన్నాను. ఎక్కించేటప్పుడు కుర్రాళ్ళు తాడు ఎక్కడ వేశారో నేను చూసుకోలేదు. స్పిండిలుకే వేశారు. మొత్తం బరువు దానిమీద పడింది. నౌపడా ఉప్పు మడుల దగ్గర స్పీడు బ్రేకరు మీద ఆటో ఎగిరినప్పుడు టెయిల్‌స్టాకు చక్రం కూడా పుటుక్కుమంది. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. సెకండియర్ మెటలర్జీ పేపర్లో రాసి మార్కులు తెచ్చుకున్న ముక్కే అది.

కాబట్టి తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి చెప్తున్నా. విప్పకముందు అన్ని పక్కలనుంచీ ఫొటోలు తియ్యండి. దూలాలమీద హెడ్‌స్టాకు ఎక్కడ కూర్చుందో సుద్దతో గీత గియ్యండి. కింద పెట్టిన సన్న రేకులూ చెక్కపేళ్ళూ చెత్త అనుకుని పారేయకండి. ఎత్తు సరిచెయ్యడానికి ఎవరో కావాలనే పెట్టి ఉంటారు. ఎవరో రాసిన పాత కోడ్‌లో కామెంట్ లేని ఒక లైను తీసేస్తే ఏమవుతుందో మనకి తెలీదా? హెడ్‌స్టాకు విడిగా, టెయిల్‌స్టాకు విడిగా, గోనె సంచుల మీద. తాడు పోత ఇనప ఒంటికి వెయ్యాలి గానీ స్పిండిలుకి ఎప్పుడూ వెయ్యకూడదు. ఆ పక్కన డబ్బాలో ఉండే తుప్పు పట్టిన మొనలు, ముళ్ళ సెంటర్లు, ఆనికలు అన్నీ అడిగి తెచ్చుకోండి. ఆ స్పిండిలు మర ఈ రోజు షాపుల్లో దొరికే దేనికీ సరిపోకపోవచ్చు.

ఇల్లు చేరాక మా అమ్మ స్పందన: "హైదరాబాదు నుంచి ఫ్రిజ్జు పట్టుకొస్తావనుకుంటే తుక్కు పట్టుకొచ్చీసినావేట్రా?" మా చిన్నాన్న ఇంకో మెట్టు పైకెళ్ళాడు. "ఇంజినీరింగు సదివించింది వడ్రంగం చెయ్యడానికేటి? అవతల పోర్టొస్తంది, నువ్వు అప్పడాల కర్రలు సెక్కుకో." (భావనపాడు పోర్టు అని ఏళ్ళ తరబడి విన్నదే మూలపేట పోర్టు అయింది, 2023 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు. మా చిన్నాన్న అప్పట్నుంచీ ప్రతి మాటకీ పోర్టుతోనే ముగింపు.)

బుష్ పాడైంది కదా, దాన్ని బాగుచేసింది నేను కాదు, మా ఊరి బోటు ఇంజన్ల మిస్త్రీ. స్పిండిలు చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించి "రెండు దారాల లూజుంది" అన్నాడు. బోటు ప్రొపెల్లర్ షాఫ్టుకీ దీనికీ పెద్ద తేడా లేదట. గన్‌మెటల్ ముక్క తెప్పించి, బోరు చేయించి, నూనె పోవడానికి గాడి తనే కోసి బిగించాడు. సముద్రం పక్కన ఇనుము ఎలా బతుకుతుందో కూడా ఆయనే చెప్పాడు. నేను ప్లాస్టిక్ పట్టా కప్పాను, ఆయన చూసి తిట్టాడు. పట్టా కింద చెమ్మ చేరి ఇంకా తొందరగా తుప్పు పడుతుందట. నూనెలో తడిపిన పాత నూలు గుడ్డ కప్పమన్నాడు. రెండు వానాకాలాలు అయ్యాయి, తుప్పు లేదు.

కరెంటు సంగతి. పాత లేతులకి చాలావాటికి త్రీ ఫేజు మోటారు ఉంటుంది, మన ఇళ్ళకి వచ్చేది సింగిల్ ఫేజు. దీనికి ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు వేసుకుంటే చాలు. ఉన్న మోటారే ఉంచుకోవాలంటే, దాని డబ్బాలో ఆరు వైర్లూ బయటికొచ్చి ఉంటే స్టారు నుంచి డెల్టాకి మార్చి, సింగిల్ ఫేజు తీసుకునే వీఎఫ్‌డీ పెట్టచ్చు. స్పీడు తగ్గించుకోవడం పెంచుకోవడం కూడా నాబు తిప్పితే అయిపోతుంది. నేను అదే చేశాను. నాలుగంగుళాల లావు కర్ర నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే అంచు సెకనుకి అయిదు మీటర్ల పైన పోతుంది. లెక్కేసి చూసుకోండి. కాబట్టి లుంగీ, తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని దాని దగ్గరికి వెళ్ళకండి. కళ్ళద్దాలూ ముక్కుకి మాస్కూ తప్పనిసరి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఒక లేతు బతకడానికి ఇంతమంది కావాలని. ఇప్పుడు గోడ దగ్గరికి వస్తాను.

ఆ రోజు అందరూ వెళ్ళాక మావాణ్ణి అడిగాను, "ఉలులు ఇవ్వవయ్యా, డబ్బిస్తాను" అని. మావాడు నొచ్చుకున్నాడు. "అవి తాతయ్య జ్ఞాపకం. నీకు హాబీ, నాకు మెమరీ. నువ్వు సానపట్టి అరగదీసేస్తావు" అన్నాడు. కొట్టిపారేయాల్సిన మాట కాదది. రెండు రోజులు ఆలోచించాను కూడా.

కానీ ఆ ఉలుల్ని దగ్గరగా చూశారా ఎవరైనా? ఏడూ ఏడు పొడుగులు. లారీ కమాను పట్టీ కొట్టించి చేయించుకున్నవి, మామ్మ చెప్పింది. చేయించినప్పుడు ఎంతో కొంత ఒక్క తీరుగానే ఉండి ఉంటాయి. రోజూ వాడిన గుండ్రటి ఉలి అరిగి అరిగి జానెడుకి వచ్చింది. ఎప్పుడో గానీ వాడని వెడల్పు ఉలి ఇంకా పొడుగ్గానే ఉంది. తాతయ్య జ్ఞాపకం అంటూ ఏదైనా ఉంటే అది ఆ అరుగుదలే కదా? అరగడం పాడవడం అయితే మరి నలభై ఏళ్ళూ దాన్ని పాడుచేసింది ఆ తాతయ్యే. మా మిత్రుడు అరుగుదలని ఆపి అద్దం బిగించి దాన్ని కాపాడటం అంటున్నాడు.

ఇంకోటి. ఇదే మావాడు నెలరోజులపాటు ఆ ఇంట్లో వార్డ్‌రోబులు చేసిన వడ్రంగులకి లిఫ్టు వాడనివ్వలేదని తనే నవ్వుతూ చెప్పాడు. అసోసియేషన్ రూలట, సర్వీసు లిఫ్టు ఒకటే వాళ్ళకి, అది పాడైన రోజున మెట్లు. వడ్రంగి పద్దెనిమిది అంతస్తులు ఎక్కి రావాలి, వడ్రంగి ఉలి మాత్రం హాల్లో ఫోకస్ లైటు కింద ఉండాలి. మా చిన్నాన్న "వడ్రంగం చెయ్యడానికేటి" అన్నప్పుడు కనీసం మనసులో మాట బయటికి అన్నాడు. మనం అది అనం, ఫ్రేము కట్టిస్తాం.

"ఈ రోజుల్లో ఆ పని ఎవడు చేస్తాడు, ఎలాగూ పోయేదే కదా, ఫ్రేములోనైనా మిగిలింది" అనే వాదన ఒకటుంది. అయ్యా, ఏటికొప్పాక ఎంత దూరం? ఇప్పటి అనకాపల్లి జిల్లా, ఎస్. రాయవరం మండలం, వరాహ నది ఒడ్డు. అక్కడ ఒకప్పుడు తాడు లాగి తిప్పిన తరిమెనలు ఇప్పుడు మోటారుతో తిరుగుతున్నాయి, అంకుడు కర్ర మీద అదే పని. తిరిగే బొమ్మకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో అద్దితే మెరుపొస్తుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, జాఫ్రా గింజల్లాంటి వాటితో రంగులు చేసి ఆ పనిని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డేకి మన రాష్ట్ర శకటం ఆ బొమ్మలే. ఇదంతా మిషను తిరుగుతోంది కాబట్టి వచ్చింది. ఆ ఊరి తరిమెనల్ని ముందే తలా ఒకటి ఎత్తుకొచ్చి కాఫీ టేబుళ్ళు చేసుకుని ఉంటే, శకటం మీద ఏం పెట్టేవారు?

ఇంగ్లండులో హారిసన్ కంపెనీ చేసిన గ్రాడ్యుయేట్ అనే చెక్క లేతు ఉంది. అక్కడి బళ్ళలో పిల్లలకి పని నేర్పడానికి వాడేవారు. బళ్ళలో వర్క్‌షాపులు మూతపడ్డాక ఆ లేతులు అమ్మకానికొచ్చాయి. కొన్నవాళ్ళు బేరింగులు మార్చి, మోటారు మార్చి ఇప్పటికీ వాటిమీద గిన్నెలు చెక్కుతున్నారు. అది కూడా హాబీయే. హాబీ అయితే తప్పేం లేదు, మిషను తిరిగితే చాలు.

మా ప్రాంతంలో కర్రకి కరువా అంటే అదీ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వరసగా ఒరిగిపోయాయి. అప్పుడు నేను బీటెక్‌లో ఉన్నాను, ఊరెళ్తే దారి పొడుగునా పడిపోయిన చెట్లే. పనస కర్ర తరిమెనకి బంగారం లాంటిది, మెత్తగా తెగుతుంది, పసుపు రంగు, నాళ్ళు గడిస్తే ముదురుతుంది. బొబ్బిలి వీణకి అదే కర్ర కదా. మా కళ్ళముందు ఆ దుంగలు వంటచెరుకు రేటుకి పోయాయి. అప్పుడు ఊరికి ఒక లేతు తిరుగుతూ ఉండి ఉంటే రైతు నష్టం తీరిపోయేది అని బడాయి మాటలు చెప్పను. ఏవో నాలుగు దుంగలకైనా మంచి ధర వచ్చేది.

నన్నూ అడగచ్చు: "నువ్వు మాత్రం? నెలకోసారి ఊరెళ్ళి రెండు బొంగరాలు చెక్కుతావు, నువ్వేదో ఉద్ధారకుడివా?" నిజమే. మొదటి ఆరు నెలలూ నా లేతు కూడా ఒక రకం ఫ్రేమే, కాస్త పెద్ద ఫ్రేము. వారం అంతా గుడ్డ కప్పుకుని కూచునేది. యూట్యూబులో చూస్తారుగా, పాత లేతు ఇసుకతో తోమి, రంగు వేసి, నంబర్ ప్లేటు మెరిపించి, చివర్లో ఒక్క పది సెకన్లు ఖాళీగా తిప్పి ఆపేస్తారు. నేనూ దాదాపు అదే స్టేజీలో ఉన్నాను. తరవాత నౌపడా నుంచి ఒక వడ్రంగి అన్న వచ్చి "వారంలో నాలుగు రోజులు వాడుకోనా" అనడిగాడు. మా అమ్మకి పాక తాళం ఇచ్చేశాను. కరెంటు బిల్లు అతనిది, గ్రీజు నాది. ఇప్పుడు మా అమ్మ ఫోనులో "మీ తుక్కు తిరుగుతోందిరా" అంటుంది. నేను వెళ్ళినప్పుడు నా వంతు ఆదివారం.

అతనికి నేను హెచ్.ఎస్.ఎస్. ఉలుల సెట్టు కొనిచ్చాను. బాగా పనిచేస్తాయి, అబద్ధం చెప్పను. మామూలు వడ్రంగి ఉలి మాత్రం దీనికి పనికిరాదు. పిడి పొట్టి, ఆనిక మీద పట్టు ఉండదు, తిరిగే కర్ర దాన్ని చేతిలోంచి లాగేస్తుంది. మరి కొత్తవి ఉండగా ఆ పాత ఏడూ ఎందుకు అంటే, వాటిలో ఒకటి వేరు. ఎడమనుంచి అయిదోది, సన్నగా, మొన మధ్యలో లోపలికి గుంట పడినట్టు ఉంటుంది. మావాడు దాన్ని విరిగిపోయిన ఉలి అనుకుంటున్నాడు, వచ్చినవాళ్ళకి అలాగే చెప్పాడు కూడా. అది విరగలేదు. తాతగారి మంచం కోళ్ళమీద జంట గుబ్బలు ఉండేవి, ఆ గుబ్బ కొలతకి ఆయన సానపట్టుకున్న ఉలి అది. ఒక్క ఆనింపుతో గుబ్బ దిగుతుంది, నాలుగు కోళ్ళకీ ఒకటే కొలత. టెక్కలి చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆయన చేసిన మంచాలు ఇంకా ఉన్నాయి.

నౌపడాలో ఒక ముసలావిడ పోయిన నెల కోడు విరిగిందని మంచం తెచ్చింది. మా వడ్రంగి అన్న కొత్త ఉలితోనే కొలిచి కొలిచి ఒకటి చేశాడు. ఆవిడ తీసుకోలేదు. "ఇది మా మంచానిది కాదు" అంది. గుబ్బ కొంచెం తేడా వచ్చింది, నిజమే, నేనూ చూశాను.

కాబట్టి మిత్రమా, ఏడూ వద్దు. ఆరు గోడమీదే ఉంచుకో, లైటు కూడా వేసుకో. ఎడమనుంచి అయిదోది ఒక్కటి పంపించు. కొరియరు ఖర్చు నాది, రసీదు రాసిస్తాను. ఆవిడ ప్రస్తుతం మూడు కోళ్ళ మీద, నాలుగో మూల ఇటుకలు పెట్టుకుని పడుకుంటోంది.